రాగిరేకులకు గొంతు నిచ్చిన రాళ్ళపల్లి

పాటకు అంగములు రెండు. మాటల కూర్పు మాతువు, స్వరముల కూర్పు ధాతువు. ఈ రెంటిని ఒక్కడే నిర్మించినచో అతడు వాగ్గేయకారు డని శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమున నిర్వచించెను. మాతువును తాళపత్రమున వ్రాయవచ్చును, రాతిపై చెక్కవచ్చును, రాగిరేకున తీర్చవచ్చును. ధాతువున కట్టి రక్ష తక్కువ. అది గొంతునుండి గొంతునకు సాగవలసినదే. నడుమ నొక తరము మౌనము వహించినచో మాట మిగులును గాని పాట మిగులదు. తెలుగున ఇట్లు మాట మిగిలి పాట పోయిన వాఙ్మయములలో మిక్కిలి పెద్దది తాళ్ళపాక కవుల సంకీర్తన వాఙ్మయము. దానికి మరల ధాతువు నమర్చుటకు పూనుకొన్నవారిలో ప్రథమగణ్యులు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు. వీరి జీవితమును పరిశీలించినచో ఆ పని వార్ధక్యమున దైవికముగా చేత బడినది కాదనియు, యౌవనమునుండి వారు చేసిన ప్రతి కృషియు దానికి సోపానమే యనియు తేటపడును.

శర్మగారు 1893 జనవరి 23వ తేదీన అనంతపుర మండలమున కంబదూరు సమీపమందలి రాళ్ళపల్లి గ్రామమున, శ్రీవైష్ణవ కుటుంబమున జన్మించిరి. తండ్రి కృష్ణమాచార్యులు, తల్లి అలమేలుమంగమ్మ. అన్నమాచార్యుని శృంగార సంకీర్తనములకు నాయిక అలమేలుమంగయే. ఆ పేరుగల తల్లి యొడిలో పెరిగిన బాలుడు ఏబదియేడేండ్ల ప్రాయమున ఆ సంకీర్తనముల పరిష్కరణమునకు పూనుకొనుట యాదృచ్ఛికమే యైనను మనసున నిలుచు విషయము.

వారు పుట్టిన సీమ స్థితి నిచ్చట స్మరింపవలసి యున్నది. 1565లో రాక్షసితంగడి యుద్ధమున విజయనగర సైన్యములు ఓడిన పిమ్మట తిరుమలరాయలు రాజధానిని పెనుగొండకు తరలించెను. అటుపిమ్మట చంద్రగిరి, వేలూరు రాజధానులైనవి. రాజ్యము క్రమముగ క్షీణించినది. పాళెగాండ్ర కలహములు, దండయాత్రలు, కరవులు ఈ సీమను పీడించినవి. 1800లో నైజాము ప్రభువు ఈ మండలములను ఈస్టిండియా కంపెనీకి అప్పగించుటతో వీనికి దత్తమండలము లను పేరు వచ్చినది. ఒక రిచ్చిన సొత్తును మరియొకరు పుచ్చుకొనిరని తెలుపు పేరది. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారు సూచించిన రాయలసీమ యను నామము ప్రచారమునకు వచ్చువరకు ఈ ప్రాంతీయులు ఆ పేరునే మోసిరి. రాళ్ళపల్లివారి బాల్య యౌవనములు దత్తమండల కాలమునకు చెందినవి.

విద్యార్థమై వారు చిన్నతనముననే మైసూరు చేరిరి. అచ్చటి పరకాల మఠమున శ్రీకృష్ణబ్రహ్మతంత్ర పరకాలస్వామివారి సన్నిధిని సంస్కృత కావ్యములను, అలంకారశాస్త్రమును అభ్యసించిరి. స్వామివారు అలంకారమణిహార మను శాస్త్రగ్రంథమును రచించిన మహాపండితులు. గానమున వారికి గురువులు బిడారం కృష్ణప్పగారు. మైసూరు గాయకులలో కృష్ణప్పగారి స్థానము సుప్రసిద్ధము. వాయులీన విద్వాంసులు చౌడయ్యగారును ఆ గురుకులమునకు చెందినవారే. ఇట్లు ఒక నగరముననే శాస్త్రమొక గడపను, గానమొక గడపను లభించినవి. ఆనాటి పండితులలో పెక్కుమందికి సంగీతము వినోదము, గాయకులలో పెక్కుమందికి సాహిత్యము స్వరమునకు ఆధారమాత్రము. శర్మగారికి రెండును సమానముగ జీవితములైనవి.

మూడవ ప్రభావము కట్టమంచి రామలింగారెడ్డిగారిది. మైసూరు మహారాజా కళాశాలలో ఆచార్యులుగా నుండిన రెడ్డిగారు యువకుడైన శర్మగారి ప్రతిభను గుర్తించి, 1912లో అచ్చట తెలుగు పండితపదవి లభించుటకు కారకులైరి. కవిత్వతత్త్వవిచారముతో ఆంధ్రవిమర్శకు నూతనమార్గము చూపిన రెడ్డిగారి సాహచర్యము శర్మగారికి ప్రశ్నించు చూపు నిచ్చినది. పరకాల మఠము నేర్పిన శ్రద్ధ దానివలన తగ్గలేదు. శ్రద్ధయు ప్రశ్నయు కలిసి పనిచేయుట వారి రచన లన్నిటను కనబడు లక్షణము. 1912 మొదలు 1949 వరకు దాదాపు నాలుగు దశాబ్దములు వారు కన్నడ దేశముననే తెలుగు బోధించిరి. కన్నడమునను గ్రంథములు వ్రాసిరి.

స్వస్థలమునకు దూరముగ నున్నవాని స్మృతికి ఒక తీవ్రత యుండును. పెనుగొండ కొండపై శర్మగారు రచించిన గేయము అట్టి స్మృతినుండి పుట్టినదే. రాయలసీమలో అది విశేషప్రచారము పొందినది. శిథిలములైన కోటగోడలను, బురుజులను చూచి పూర్వవైభవమును తలచి విలపించుట ఆనాటి దేశభక్తిగేయములలో సామాన్యము. ఈ గేయమున విలాపమునకు మించినది కలదు. అందు కొండ జయాపజయములు రెంటిని కనులార కాంచిన సాక్షిగా నిలుచును. సాక్షి నిలిచియున్నంతకాలము కథ ముగిసిన దనుటకు వీలులేదు. గత మొకప్పుడు సత్యమై యుండెనను ఎరుకయే వర్తమానమున నిరాశకు ప్రతిబంధక మగుచున్నది. ఆ పెనుగొండ 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరియున్నది. పాలకులును, మండలముల ఎల్లలును పలుమార్లు మారినవి. కొండ మారలేదు, పాటయు మారలేదు.

1928లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పక్షమున శర్మగారు వేమనపై ఉపన్యసించిరి. అప్పుడు పరిషత్తునకు ఉపాధ్యక్షులు రామలింగారెడ్డిగారే. మరుసటి యేట ఆ ఉపన్యాసములు గ్రంథరూపము దాల్చినవి. వేమన పద్యములు శతాబ్దములుగ జనుల నోట నున్నవి. బ్రౌనుదొర వానిని సేకరించి 1829లో ఆంగ్లానువాదముతో ప్రకటించెను. అయినను పండితపరిషత్తులలో వేమనకు కవి యను గౌరవము సులభముగ దక్కలేదు. సంప్రదాయపండితుడైన శర్మగారు ఆ గౌరవమును కలిగించిరి. వేమనను దేవునిగా నిలుపక, వట్టి తిట్టుకవిగా త్రోయక, అతడు జీవించిన సంఘమును, అతని సాధనను, హాస్యమును, పద్యశిల్పమును వేరువేరుగ పరిశీలించిరి. రాజ్యములు విచ్ఛిన్నములై, మతాచారములు ప్రాణము కోలుపోయిన కాలమున ఒక సామాన్యకాపు గొంతునుండి వెలువడిన సత్యవాక్కుగా ఆ పద్యములను మరల చదివించిరి. పాతపద్యమునకు క్రొత్త అర్థమును అంటగట్టుట ఇచ్చట జరుగలేదు. దానిలో నుండియు వినబడని ధ్వనిని వినిపించుటయే జరిగినది.

ఆ వినికిడి వారి విమర్శవ్యాసములలోను గోచరించును. తెనాలి రామకృష్ణుని పాండురంగమాహాత్మ్యమున నిగమశర్మ దుర్వృత్తుడు. అతని అక్క వచ్చి తమ్ముని చక్కదిద్ద జూచి విఫలమై మరలును. కవి ఆమెకు పేరైన పెట్టలేదు. తరతరములుగ చదువరులు ఆమెను దాటి కథలో ముందునకు సాగిరి. శర్మగారు ఆ పేరులేని స్త్రీకడ ఆగిరి. ఆమె మాటలలోని ఆప్యాయతను, ఇల్లు చక్కబెట్టు నేర్పును, తమ్ముని మోసము తెలిసిన వేళ ఆమె క్షోభను ఒక్కొక్కటిగ విప్పి చూపిరి. అటుపిమ్మట నిగమశర్మ అక్క తెలుగు సాహిత్యమున అప్రధానపాత్రగా మిగులలేదు. సారస్వతాలోకము, నాటకోపన్యాసములు మున్నగు వారి గ్రంథములను చదివినవారికి ఈ ఓపిక పరిచితమే.

హాలుని గాథాసప్తశతి ప్రాకృతభాషలోని గాథల సంకలనము. శాతవాహనుల కాలపు పల్లెజీవితము, హాలికుల ప్రేమలు, విరహములు, పరిహాసములు అందు చిన్న చిన్న గాథలలో ఒదిగియున్నవి. శ్రీనాథుడు నూనూగు మీసముల ప్రాయమున దానిని తెనిగించితి నని చెప్పుకొనెను. ఆ కృతి మనకు దక్కలేదు. శ్రీనాథుని అనువాదము పోయినచోట శర్మగారు శాలివాహన గాథాసప్తశతీసారమును తెలుగువారి కందించిరి. మూలము లభించి అనువాదము నశించినపుడు మరల అనువదించుట సాధ్యము. పాటలో సగము నశించినపుడు ఏమి చేయవలెను? ఈ ప్రశ్న వారి కెదురగుటకు ఇంకను కొంతకాలము పట్టినది.

అన్నమాచార్యుడు 1408లో జన్మించి 1503లో పరమపదించెను. 1424 మొదలుగా అతడు సంకీర్తనములు పాడినట్లు రేకులలోని లేఖనము తెలుపుచున్నది. మొత్తము ముప్పదిరెండువేల సంకీర్తనములని మనుమడు చిన్నన్న అన్నమాచార్యచరిత్రమున వ్రాసెను. వానిని రాగిరేకులపై చెక్కించిన ఘనత కుమారుడు పెదతిరుమలాచార్యునిది. తిరుమల ఆలయములోని సంకీర్తన భాండాగారమున ఆ రేకులు భద్రపరుపబడినవి. విజయనగర ప్రాభవముతో పాటు తాళ్ళపాకవారి ప్రాభవమును తగ్గినది. కొన్ని పాటలు భజనగోష్ఠులలో, లాలిపాటలుగ ఇండ్లలో మిగిలినవి. మిగిలినవన్నియు చీకటి గదిలో మౌనము వహించినవి.

1816లో తెలుగు వ్యాకరణమును ప్రకటించిన కాంబెల్‌దొర ఈ రేకుల సంగతి విని, అందు తెలుగుభాషను గూర్చిన శాస్త్రగ్రంథ ముండునని ఆశించెను. తీరచూడగా అవి స్వామిపై స్తుతిగీతములని తేలుటతో ఆ విషయము అంతటితో ఆగినది. వెదకినది వ్యాకరణము, దొరికినది పాట. వెదకువాని కది అక్కరకు రాలేదు. మరల నూరేండ్లకు, 1922 ప్రాంతమున, దేవస్థానపు శాసనపరిశోధకులు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారి కృషివలన రేకులు లోకదృష్టికి వచ్చినవి. పండిత విజయరాఘవాచార్యులుగారు మొదటి సంపుటములను వెలువరించిరి. పిదప వేటూరి ప్రభాకరశాస్త్రిగారు ఈ పనికి తమ ప్రాణము నర్పించిరి. అన్నమాచార్యచరిత్రమునకు 1949లో వారు కూర్చిన పీఠిక ఈ పరిశోధనకు నేటికిని పునాది. 1950 ఆగస్టులో శాస్త్రిగారు కీర్తిశేషులైరి.

అప్పటికి శర్మగారు మైసూరు కొలువునుండి విరమించియుండిరి. శాస్త్రిగారి పిమ్మట సంకీర్తనముల పరిష్కరణభారము వారిపై పడినది. విశ్రాంతికి తగిన వయసున వారు తిరుపతికి వచ్చి ఆ బరువు నెత్తుకొనిరి. స్వాతంత్ర్యము వచ్చి మూడేండ్లయినది. తెలుగువారి ప్రత్యేకరాష్ట్రము ఇంకను ఏర్పడలేదు. అది 1953లో కర్నూలు రాజధానిగ అవతరించినది. దత్తమండలములలో పుట్టిన పండితుడు, ఆ సీమ కొక రాజధాని లభించిన కాలమున, విజయనగరయుగపు పాటలను శుద్ధప్రతులుగ సిద్ధపరచుచుండెను. ఏకకాలమున నడిచిన ఈ రెండు పనులలో ఒకటి ప్రజ లెరిగినది, రెండవది దీపము వెలుతురున సాగినది.

రేకులలోని పాఠమును సరిచూచుట ఒక శ్రమ. పదచ్ఛేదము, లేఖకదోషములు, వాడుక తప్పిన మాటలు, రాయలసీమ పలుకుబడులు, ద్రవిడవేదపు ఛాయలు ఇవన్నియు పరిష్కర్తకు తెలియవలెను. ఆ సీమలో పుట్టుట, శ్రీవైష్ణవసంప్రదాయమున పెరుగుట, కన్నడదేశమున జీవించుట ఇచ్చట శర్మగారికి సహాయములైనవి. రెండవ శ్రమ మరింత సూక్ష్మము. రేకులపై ప్రతిపాటకు రాగము పేరు కలదు. స్వరలిపి లేదు. సామంతము, బౌళి, పాడి, గుండక్రియ, సాళంగనాట వంటి పేర్లు నేటికిని పరిచితములు. కొండమలహరి, ఆబాలి వంటివి వాడుక తప్పినవి. పరిచితమైన పేరును నమ్ముటకు వీలులేదు. అయిదు శతాబ్దములలో రాగముల స్వరూపము మారినది, మేళపద్ధతి స్థిరపడినది, గమకసంప్రదాయము పెరిగినది. ఒకే పేరు నాడొక రూపమును, నేడొక రూపమును తెలుపవచ్చును.

అన్నమాచార్యుడు సంస్కృతమున సంకీర్తనలక్షణమును రచించెను. అది నష్టమైనది. మనుమడు చినతిరుమలాచార్యుని తెలుగు రచన మాత్రము దక్కినది. దానివలన పదమునకు కావలసిన అవయవములు, ప్రాసయతుల నియమములు తెలియును గాని, ఒక పాట నెట్లు పాడిరో తెలియదు. తంజావూరు వ్రాతప్రతులలో స్వరసహితముగ దొరికిన తాళ్ళపాక పాటలు అత్యల్పములు. కావున ఆశ్రయము సాహిత్యమే. పల్లవి యొక్క నడక ఏ గణములపై సాగుచున్నది, యతి ఎచ్చట విశ్రమించుచున్నది, ఏ మాటను సాగదీసిన అర్థము చెడును, ఏ మాటపై నిలిచిన భావము పండును, ఇవి తెలిసినచో తాళమును, గతిని ఊహింపవచ్చును. ఛందస్సు తెలియని గాయకునికి ఇది అసాధ్యము. గానము తెలియని ఛాందసునికి నిరుపయోగము. రెండును నేర్చిన వ్యక్తి పరిష్కర్త యగుట తెలుగువారి భాగ్యము.

ఇట్లు శర్మగారు నూటికి పైగా సంకీర్తనములకు స్వరరచన చేసిరి. ఇచ్చట ఒక ధర్మసందేహ మున్నది. ప్రాచీనకృతికి ఆధునికుడు బాణి కట్టవచ్చునా? కట్టినచో అది ఎవరి పాట? స్వరములు దొరకలేదు గనుక పాటలను చదివి ఊరకుందుమనువారి పక్షమున నిజాయితీ కలదు. ప్రమాణము లేనిదే పలుకరా దనుట పరిశోధకధర్మమే. కాని సంకీర్తనము చదువుటకు పుట్టినది కాదు. పాడనంతకాలము అది సగమే. మరియొక ప్రక్క, క్రొత్తబాణిని పాతదని నమ్మించుట దోషము. శర్మగారి మార్గము ఈ రెంటి నడుమ సాగినది. వారి స్వరరచన వారి పేరిటనే ప్రకటితమైనది. అన్నమయ్య పాడినది ఇదే యను భ్రాంతికి అందు తావులేదు. మాతువు పదునైదవ శతాబ్దిది, ధాతువు ఇరువదవ శతాబ్దిది. వాగ్గేయకారుని కృతికి ఇట్లు ఇద్దరు కర్తలైరి. నాలుగున్నర శతాబ్దముల ఎడమును దాచక, దానిమీదుగ వంతెన వేసిన సత్యసంధత ఇది.

పెనుగొండతో ఈ కథకు మరియొక ముడి కలదు. సాళువ నరసింగరాయలు తనపై పాట పాడుమని అన్నమయ్యను కోరుటయు, హరిని కీర్తించిన నాలుకతో నరుని కీర్తింప నని అతడు నిరాకరించుటయు, సంకెలలు వేయించుటయు చిన్నన్న చరిత్రమున ప్రసిద్ధ ఘట్టము. ఆ ఘట్టము పెనుగొండ కొలువునకు సంబంధించినది. శర్మగారు యౌవనమున ఏ కొండకు పాట కట్టిరో, ఆ కొండపై ఒకనాడు ఒక పాటకాడు రాజాజ్ఞను కాదనెను. ఆజ్ఞ ఇచ్చిన రాజ్యము లేదు. కాదన్నవాని పాట కలదు. దేశముయొక్క ఉత్థానపతనములలో ఏది నిలుచునను ప్రశ్నకు వారి రెండు కృషులును కలిసి ఇచ్చు సమాధానము ఇదియే. నిలుచుటయైనను తనంత తాను నిలుచుట కాదు. రాగి పాటను నశింపనీయలేదు. అంతమాత్రమున పాట బ్రదుకలేదు. దానిని విప్పి, చదివి, పాడు మనుష్యుడు కావలసివచ్చెను. ఆశ యనునది గతవైభవమును తలచుటయందు లేదు. గతము విడిచిన పనిని చేతికెత్తుకొనుటయందు కలదు.

వార్ధక్యమునను వారి లేఖని విశ్రమింపలేదు. కాకతి గణపతిదేవుని గజసాహిణి జాయసేనాని సంస్కృతమున రచించిన నృత్తరత్నావళిని తెనిగించిరి. అది 1969లో వెలువడినది. కాకతీయుల ఆటయు, విజయనగరపు పాటయు ఇట్లు ఒకే చేతిమీదుగ తెలుగువారికి మరల అందినవి. 1974లో మదరాసు సంగీత విద్వత్సభ వారిని సంగీతకళానిధి బిరుదముతో గౌరవించినది. జీవనోపాధిగ కచేరీలు చేయని పండితునికి గాయకలోకము ఈ గౌరవ మిచ్చుట గమనింపదగినది. తిరుమల తిరుపతి దేవస్థానము వారిని ఆస్థానవిద్వాంసులుగ సంభావించినది. 1979 మార్చి 11వ తేదీన ఎనుబదియారేండ్ల వయసున బెంగుళూరులో వారు పరమపదించిరి.

అంతకుముందటి యేడు, 1978లో, దేవస్థానము అన్నమాచార్య ప్రాజెక్టును నెలకొల్పినది. బాలమురళీకృష్ణ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ మున్నగువారు వందలకొలది సంకీర్తనములకు బాణీలు కూర్చిరి. ఒకే పాటకు రెండు మూడు బాణీలు వచ్చినవి. రేకులపైనున్న రాగమును పాటించినవారు కలరు, వేరు రాగమును గ్రహించినవారును కలరు. వానిలో తారతమ్యములను నిర్ణయింపవలసిన పని విద్వాంసులది. గౌరిపెద్ది రామసుబ్బశర్మగారు మొదలగు పరిష్కర్తలు మిగిలిన సంపుటములను పూర్తిచేసిరి. దొరికిన సంకీర్తనములు పండ్రెండు వేలకు పైబడినవి. వానిలో గొంతెక్కినవి ఇంకను కొలది భాగమే. రాళ్ళపల్లివారు నూటితో ఆగిరని కొరతపడ నక్కరలేదు. పాఠము తెలిసి, ఛందస్సు నెరిగి, తన బాణిని తనదిగనే ప్రకటించి పాడుట యెట్లో ఆ నూటియందే వారు చూపిరి. రేకులు ఇంకను ఎదురుచూచుచున్నవి.